అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌ను ఎలా చూడాలి? కంటితో తూకం వేసే పద్ధతి

అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. తల కాస్త పక్కకి వంచి "ఊఁ" అంటారు. లేదా పక్కన అంటించిన చిన్న కార్డు చదివేసి తర్వాతి బొమ్మ దగ్గరికి నడుస్తారు. నేను చాలాకాలం రెండూ చేశాను. అందరికీ అర్థమైనట్టుంది, నాకే అర్థం కాలేదేమో అన్న టెన్షన్ అదనం.

చిక్కంతా "ఇది దేని బొమ్మ?" అని అడగడంలో ఉంది. ముఖం లేదు, చెట్టు లేదు, కథ లేదు. ఉన్నవి కొన్ని ఆకారాలు, వాటి రంగులు, వాటి మధ్య ఖాళీలు. మరి చూడాల్సిందీ వాటినే కదా. ఏది ఎంత పెద్దది, ఏది ఎక్కడుంది, ఏ వైపు బరువెక్కింది, ఆ బరువును ఏది ఆపుతోంది?

ఈ లెక్కలు మనకు కొత్తేమీ కాదు. గోడకి తగిలించిన ఫోటో కాస్త వంకరగా ఉంటే గదిలోకి వచ్చిన ఎవరికైనా తెలిసిపోతుంది. స్కేలు పెట్టి కొలిచి చెప్పరు, చూడగానే చెయ్యి దాన్ని సరిచేయడానికి వెళ్తుంది. ఆ కంటినే అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ మీద కాస్త తీరిగ్గా పనిచేయనివ్వాలి. అది ఎలాగో ఒక్కో మెట్టుగా చెప్తాను.

ముందు రెండు మాటలు. సిమ్మెట్రీ, అంటే సౌష్ఠవం: ఒక సగం ఇంకో సగానికి అద్దంలో బింబంలా సరిపోవడం. ప్రపోర్షన్, అంటే నిష్పత్తి: ఒక భాగం ఇంకో భాగంతో పోలిస్తే, లేదా మొత్తంతో పోలిస్తే ఎంత ఉందన్నది. మొదటిది కంటికి క్షణంలో తెలుస్తుంది. రెండోది తెలియడానికి కాస్త సమయం పడుతుంది. బొమ్మ చూడటంలో ఉన్న ఆనందం చాలావరకు ఈ రెండింటి మధ్య దొరుకుతుంది.

కావలసినవి: ఒక పెయింటింగ్ (మ్యూజియంలోదైతే మేలు, లేకపోతే పెద్ద స్క్రీన్), తెల్ల కాగితాలు, పెన్సిలు, స్కేలు, ఒక నాణెం, మీ అరచెయ్యి.

1. కార్డు చదవకుండా రెండు నిమిషాలు నిలబడండి

రెండు నిమిషాలంటే తక్కువని అనిపిస్తుంది గానీ, తక్కువేం కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో కళాఖండం ముందు గడిపిన సమయం సగటున 27 సెకన్లు తేలింది. సగం సందర్భాల్లో అది 17 సెకన్లు దాటలేదు. కార్డు చదివే సమయం కూడా అందులోదే.

కన్ను ఒకచోట నిలకడగా ఉండదు. సెకనుకి సుమారు మూడుసార్లు ఒక చోటు నుంచి ఇంకో చోటికి గెంతుతుంది. మొదటి ఒకటి రెండు గెంతుల్లోనే అది పట్టేసేది సిమ్మెట్రీని. అందులోనూ నిలువు గీతకు అటూ ఇటూ ఒకేలా ఉండే సిమ్మెట్రీ అయితే మరీ తొందరగా దొరుకుతుంది. పైభాగం, కిందిభాగం ఒకేలా ఉంటే పట్టుకోవడం అంత తేలిక కాదు. ఎర్న్‌స్ట్ మాక్ అనే భౌతికశాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఈ తేడాను గుర్తించాడు. నమ్మకం కలగకపోతే ఇంగ్లీషు చిన్నక్షరాలు డి, బి, క్యూ కాగితం మీద రాసి చూడండి. డి, బి ఒకదానికొకటి ఎడమ కుడి బింబాలని వెంటనే తెలుస్తుంది. డి, క్యూ పై కింది బింబాలని తెలియడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది.

కాబట్టి ఈ మెట్టులో మీ పని ఒకటే: కన్ను మొదట ఎక్కడ ఆగింది, తర్వాత ఎటు వెళ్లింది, మళ్లీ మళ్లీ ఎక్కడికి తిరిగొస్తోంది అన్నది గమనించడం. అభిప్రాయం ఇప్పుడే వద్దు.

2. బొమ్మ మీకంటే పెద్దదా, చిన్నదా?

ప్రపోర్షన్ అనగానే బొమ్మ లోపలి కొలతలే గుర్తొస్తాయి. అసలు మొదటి నిష్పత్తి బొమ్మకీ చూసే మనిషికీ మధ్య ఉన్నది. ఫోన్‌లో ఇదే పూర్తిగా పోతుంది.

బార్నెట్ న్యూమన్ 1950-51లో వేసిన 'వీర్ హెరాయికస్ సబ్లిమిస్' దాదాపు 2.4 మీటర్ల ఎత్తు, 5.4 మీటర్ల వెడల్పు. ఎర్రటి మైదానం, దాని మీద అక్కడక్కడా సన్నటి నిలువుగీతలు, అంతే. ఫోన్ స్క్రీన్ మీద అది ఎర్రటి పట్టీలా కనిపిస్తుంది, వేలితో పక్కకి తోసేస్తాం. కానీ తన 1951 ప్రదర్శనలో న్యూమన్ ఒక నోటీసు పెట్టాడు. పెద్ద బొమ్మలను దూరం నుంచి చూడటం అలవాటు కానీ, ఈ బొమ్మలను దగ్గర నుంచి చూడాలని దాని సారాంశం. దగ్గరికి వెళ్తే బొమ్మ అంచులు చూపులోంచి జారిపోతాయి. అంచు కనిపించకపోతే మధ్య ఎక్కడో కంటికి తెలియదు. మధ్య తెలియకపోతే సిమ్మెట్రీని పట్టే పనే ఆగిపోతుంది. అప్పుడు ఆ నిలువుగీతలు బొమ్మలో గీతల్లా ఉండవు, ఎదురుగా నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి.

అందుకే ప్రతి పెద్ద బొమ్మనూ మూడు చోట్ల నుంచి చూడండి: అంచులన్నీ కనిపించే దూరం నుంచి, అంచులు కనిపించనంత దగ్గర నుంచి, ఆ రెండింటి మధ్య నుంచి. స్క్రీన్ మీద చూస్తుంటే ముందు దాని అసలు కొలతలు వెతికి, మీ గది గోడ మీద అది ఎంత మేర వస్తుందో చేతులు చాచి ఊహించండి. కాస్త పిచ్చిపనిలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

3. మధ్యలో నిలువుగీత ఊహించి, రెండు సగాలు పోల్చండి

ఇప్పుడు బొమ్మను మనసులోనే నిలువుగా మడవండి. రెండు వైపులూ సరిపోతే అది సిమ్మెట్రీ ఉన్న బొమ్మ.

అబ్‌స్ట్రాక్ట్ కళలో ఇలాంటివి తక్కువేమీ కాదు. హిల్మా ఆఫ్ క్లింట్ 1915లో వేసిన ఆల్టర్‌పీస్ (చర్చిలో పూజావేదిక దగ్గర పెట్టే బొమ్మకి ఆ పేరు) బొమ్మల్లో మొదటిది చూడండి. రంగురంగుల మెట్లతో ఒక త్రిభుజం పైకి లేచి, బంగారు సూర్యబింబాన్ని తాకుతుంది. ఎడమ సగం ఎంతో కుడి సగం అంతే. సయ్యద్ హైదర్ రజా 'బిందు' బొమ్మలు చాలావాటిలో నల్లటి వృత్తం కన్నును కదలనివ్వదు. ఇలాంటి బొమ్మ ముందు చూపు అటూ ఇటూ వెతుక్కోదు. మధ్యకి వచ్చి కూర్చుంటుంది. ధ్యానం, గుడి, ఆసనం లాంటి మాటలు చూసేవాళ్ల నోట రావడానికి కారణం బొమ్మలోని సంకేతాలే కాదు, ఈ కుదురు కూడా.

అయితే అదే సిమ్మెట్రీని పూర్తిగా వేరే పనికి వాడుకున్నవాడు ఫ్రాంక్ స్టెల్లా. 1959లో అతను వేసిన నల్లటి బొమ్మల్లో సమాన వెడల్పున్న నల్ల చారలు, వాటి మధ్య రంగు వేయకుండా వదిలిన సన్నటి కాన్వాస్ సందులు, అంతా లెక్క ప్రకారం రెండు వైపులా ఒకేలా ఉంటాయి. ఒక మూల ఒకటి పెట్టి, దాన్ని సరితూచడానికి ఇంకో మూల ఇంకోటి పెట్టే యూరప్ పద్ధతి అతనికి విసుగు. తూకం వేయాల్సిన అవసరమే లేకుండా చేయడానికి సిమ్మెట్రీని తెచ్చాడు. కాబట్టి సిమ్మెట్రీ కనిపించగానే 'ప్రశాంతత' అని రాసేసుకోకండి. స్టెల్లా దగ్గర అది తలుపు మూసేసినట్టుంటుంది: ఉన్నదిదే, ఇంకేం వెతక్కు అని.

ఇప్పుడు అసలు పని. సిమ్మెట్రీ ఉందని తేలాక, అది ఎక్కడ తప్పిందో వెతకండి.

కజిమిర్ మాలెవిచ్ 1915లో వేసిన 'నల్ల చతురస్రం' దీనికి మంచి పాఠం. తెల్లటి నేపథ్యం మీద ఒక నల్ల చతురస్రం, ఇంతకంటే సిమ్మెట్రీ ఉన్న బొమ్మ ఇంకేముంటుంది అనుకుంటాం. చేతికి స్కేలు ఇస్తే తెలుస్తుంది, అది సరైన చతురస్రం కాదు. దాని భుజాలు కాన్వాస్ అంచులకు సమాంతరంగా లేవు. ఒక్కో వైపు తెల్లటి అంచు ఒక్కోలా ఉంటుంది. మెదడు మాత్రం "చతురస్రం" అని ముద్ర వేసేసి ఊరుకుంటుంది. ముద్రకీ వాస్తవానికీ మధ్య ఉన్న ఆ చిన్న తేడాయే బొమ్మను కాస్త కదుపుతూ ఉంటుంది. చతురస్రం గోడకి అతికించినట్టు ఉండదు, తేలుతున్నట్టు ఉంటుంది.

న్యూమన్ 1948 బొమ్మ 'వన్‌మెంట్ 1' కూడా ఇలాంటిదే. చిన్న కాన్వాస్, ముదురు ఎరుపు గోధుమ రంగు, సరిగ్గా మధ్యలో నారింజ రంగు గీత. దూరం నుంచి చూస్తే రెండు సమాన సగాలు. దగ్గరికి వెళ్తే ఆ గీతను మాస్కింగ్ టేపు మీదే రంగు పులిమి వేశాడని, దాని అంచులు చెయ్యి ఎలా కదిలితే అలా ఎగుడుదిగుడుగా ఉన్నాయని కనిపిస్తుంది. స్కేలుతో గీసిన నారింజ గీతను అక్కడ ఊహించుకోండి. బొమ్మ చచ్చిపోతుంది.

ఇక్కడ ఒక మాట పక్కకి. మనిషికి సిమ్మెట్రీ అంటే సహజంగా ఇష్టమని తరచూ వింటాం. చాలామందికి అది నిజమే. కానీ వియన్నాలో పరిశోధకులు 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కళలో శిక్షణ పొందినవాళ్లు సిమ్మెట్రీ లేని ఆకృతులనే ఎక్కువ అందంగా ఎంచారు. మీకు నచ్చింది పక్కవాళ్లకు నచ్చకపోతే ఎవరి కన్నూ చెడిపోయినట్టు కాదు. ఎవరి కన్ను దేనికి అలవాటుపడిందన్నదే తేడా.

4. సిమ్మెట్రీ లేకపోతే బరువు చూడండి

చాలా అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల్లో రెండు సగాలు కలవవు. అయినా బొమ్మ ఒరిగిపోతున్నట్టు అనిపించదు. ఎందుకు?

ముందు నాణెం తీయండి. చతురస్రంగా కత్తిరించిన తెల్ల కాగితం మీద సరిగ్గా మధ్యలో పెట్టండి. కుదురుగా ఉంటుంది. ఇప్పుడు కుడి అంచు వైపు కొద్దిగా, వేలెడంత జరపండి. నాణెం ఎటో వెళ్తున్నట్టు, లేదా మధ్యకి తిరిగి రావాలనుకుంటున్నట్టు ఉంటుంది. ఇంకొంచెం జరిపి అంచుకి బాగా దగ్గరగా పెట్టండి. ఇప్పుడు అంచు దాన్ని లాగుతోంది. కాగితం మీద ఒక్క గీత కూడా లేదు. అయినా మధ్య బిందువు, అంచులు, మూలలు అన్నీ పనిచేస్తున్నాయి. రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ అనే మనస్తత్వవేత్త 1954లో చతురస్రంలో నల్ల బిళ్లతో చెప్పిన విషయం ఇదే. ఖాళీ కాగితం ఎప్పుడూ ఖాళీ కాదు.

ఇక బరువును పెంచేవి ఏమిటి? పరిమాణం, ముదురు రంగు, ఎరుపు లాంటి వేడి రంగు, చుట్టూ ఖాళీ ఉండి ఒంటరిగా ఉండటం. వీటితోపాటు మధ్య నుంచి దూరం. పార్కులో సీ-సా (అటూ ఇటూ ఊగే బల్ల) ఊగేటప్పుడు పెద్దాయన మధ్యకి దగ్గరగా, చిన్నపిల్ల చివరన కూర్చుంటే సరిపోతుంది కదా, అదే సూత్రం. పైన ఉన్నది కింద ఉన్నదానికంటే బరువుగా అనిపిస్తుందన్నది ఇంకోటి. అచ్చులో ఉన్న 8 అంకెను తలకిందులు చేసి చూడండి. రెండు సున్నాలూ ఒకటే అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. తిప్పగానే పైది పెద్దదని, అంకె ముందుకి పడబోతోందని తెలుస్తుంది. అక్షరాలు రూపొందించినవాళ్లు పై సున్నాను ముందే చిన్నది చేసి పెట్టారు, మన కంటికి సమానంగా కనిపించాలని.

ఇప్పుడు పీట్ మోండ్రియాన్ 1930 నాటి 'కంపోజిషన్ విత్ రెడ్, బ్లూ అండ్ యెల్లో' తెరవండి. కుడివైపు పైన పెద్ద ఎర్ర చతురస్రం, బొమ్మలో ఎక్కువ భాగం ఆక్రమించేసి ఉంటుంది. ఎడమవైపు కింద మూలన చిన్న నీలం. కుడివైపు అట్టడుగున చిటికెడు పసుపు. మిగతాదంతా తెలుపు, మధ్యలో నల్ల గీతలు. లెక్కన చూస్తే ఇది ఎరుపు వైపు పడిపోవాలి. పడదు.

అరచేత్తో నీలాన్ని కప్పండి. ఎరుపు ఒక్కసారిగా పైకి, కుడి మూలకి జారినట్టవుతుంది. చెయ్యి తీయండి, ఆగుతుంది. ఇప్పుడు పసుపును కప్పండి. అంత చిన్న ముక్క ఏం చేస్తుందిలే అనుకుంటాం గానీ, అది పోతే ఎరుపు కింద నేల లేనట్టు ఉంటుంది. ఆఖరికి ఎడమ అంచున రెండు తెల్ల గళ్ల మధ్య ఉన్న అడ్డగీతను చూడండి, మిగతా గీతలకంటే మందంగా ఉంటుంది. దాన్ని మిగతావాటంత సన్నగా ఊహించి చూడండి. ఎడమవైపు తేలికైపోతుంది. అన్ని గీతలూ ఒకటే అనుకుని చూసినంతకాలం నేను ఈ బొమ్మను టైల్స్ డిజైన్ అనే అనుకున్నాను.

ఇలా చేత్తో కప్పడం చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, నాకు తెలిసిన పద్ధతుల్లో దీనికి మించింది లేదు. (మ్యూజియంలో అయితే చెయ్యి బొమ్మకి కాదు, మీ కంటికి దగ్గరగా పెట్టండి. లేకపోతే సెక్యూరిటీవాళ్లు పరిగెత్తుకొస్తారు.)

అసలు ఈ తూకం అందరికీ తెలుస్తుందా, చదువుకున్నవాళ్ల ఊహా అన్న అనుమానం వస్తుంది. 1993లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మోండ్రియాన్ బొమ్మల గీతలను కొద్దిగా జరిపి, అసలునూ మార్చినదాన్నీ మామూలు జనానికి పక్కపక్కనే చూపించారు. కాకతాళీయంగా అయ్యేదానికంటే కాస్త ఎక్కువసార్లే వాళ్లు అసలును ఎంచుకున్నారు. ఆ 'కాస్త' అన్న మాటను కూడా గౌరవించాలి. పెద్ద తేడా ఏం కాదు. కానీ తేడా ఉంది.

5. కొలతలు మీ చేత్తోనే వేసి చూడండి

నిష్పత్తి గురించి ఎంత చదివినా ఒక్కసారి గీసినంత తెలియదు. ఒక అరగంట పెట్టుకోండి.

జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950లో, అరవై దాటాక, 'హోమేజ్ టు ది స్క్వేర్' అనే వరస మొదలుపెట్టాడు. 1976లో చనిపోయేదాకా ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం, అందులో మరొకటి, ఇవే వేస్తూపోయాడు. ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ చతురస్రాలు మధ్యలో ఉండవు. కింది అంచు ఒక వంతు ఉంటే, పక్క అంచులు రెండు వంతులు, పై అంచు మూడు వంతులు.

మీరు 20 సెంటీమీటర్ల చతురస్రం గీయండి. దాని లోపల కింద 1, అటూ ఇటూ 2, పైన 3 సెంటీమీటర్లు వదిలి ఇంకో చతురస్రం గీయండి. 16 సెంటీమీటర్లది వస్తుంది. దాని లోపల మళ్లీ అవే కొలతలు, 12 వస్తుంది. మళ్లీ చేస్తే 8. పక్కన ఇంకో కాగితం మీద అవే నాలుగు చతురస్రాలను ప్రతి వైపూ 2 సెంటీమీటర్లు వదులుతూ సరిగ్గా మధ్యలో గీయండి. రెండింటికీ ఒకే రంగులు వేయండి, లోపలికి పోయేకొద్దీ లేతగా.

గోడకి ఆనించి దూరం నుంచి చూడండి. మధ్యలో గీసింది గురిపెట్టి కొట్టే టార్గెట్ బోర్డులా ఉంటుంది. ఒకసారి చూశాక ఇంక చూడ్డానికి ఏమీ ఉండదు. ఆల్బర్స్ కొలతల్లో గీసింది అలా ఊరుకోదు. చతురస్రాలు కిందికి దిగి నేలమీద కూర్చున్నట్టుంటాయి. కాసేపు చూస్తే లోపలి లేత చతురస్రం దూరంగా వెళ్లినట్టు, మరికాసేపటికి ముందుకి వచ్చినట్టు ఉంటుంది. రంగులు మారిస్తే ఈ రాకపోకలూ మారతాయి. ఆల్బర్స్‌కి కావలసింది అదే. కొలత ఎప్పుడూ దాదాపు ఒకటే కావడంతో కంటికి మారుతున్నది రంగొక్కటే అని తెలుస్తుంది.

గీసిన కాగితం పారేయకండి, ఇంకో విషయం ఉంది. పెద్ద చతురస్రం నాలుగు మూలల నుంచి లోపలి చతురస్రాల మూలలను కలుపుతూ గీతలు పొడిగించండి. నాలుగూ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క ఎడమ కుడిలకు సరిగ్గా మధ్యలో, కింది అంచుకి 5 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అంటే ఎత్తులో పావు వంతు దగ్గర. అంటే ఎడమ కుడి చూస్తే పక్కా సిమ్మెట్రీ, పైనా కిందా చూస్తే ఒకటికి మూడు. కుదురూ కదలికా రెండూ ఒకే బొమ్మలో ఎలా ఉన్నాయో ఆ చుక్క చూపిస్తుంది. నేను మొదటిసారి గీసినప్పుడు చతురస్రాలను తప్పుగా పైకి జరిపి, కిందే మూడు వంతులు వదిలాను. ఎందుకో తల తిరిగినట్టుంది అనుకుంటూ అరగంట చూశాను.

నిష్పత్తి అనగానే బంగారు నిష్పత్తి గురించి ఎవరో ఒకరు అడుగుతారు. పొడవు వెడల్పుకి 1.618 రెట్లు ఉంటేనే అందమని, గొప్ప బొమ్మలన్నీ దాని ప్రకారమే వేశారని ఇంటర్నెట్ నిండా ఉంది. గుస్టావ్ ఫెక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1876లో పది దీర్ఘచతురస్రాలు చూపించి ఏది నచ్చిందని అడిగితే మూడోవంతుకు పైగా జనం ఆ నిష్పత్తి ఉన్నదాన్నే చూపించారు. కానీ తర్వాతివాళ్లు మళ్లీ మళ్లీ చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు. మోండ్రియాన్ బొమ్మల మీద ఆ నిష్పత్తితో గీసిన సర్పిలం (చుట్టలు తిరిగే గీత) అతికించి చూపించే ఫోటోలు బోలెడు. అన్ని గీతలున్న బొమ్మలో ఏదో ఒక రెండు కొలతలు 1.6కి దగ్గరగా రాకుండా ఎలా ఉంటాయి? అలాంటివి పట్టించుకోకండి. నిష్పత్తికి మంచి సంఖ్య అంటూ లేదు. ఈ బొమ్మలో ఇది ఇంతే ఎందుకుంది, కాస్త పెంచితే ఏమవుతుంది అన్న ప్రశ్న ఉంది.

6. మధ్యే లేని బొమ్మలకు

పైన చెప్పినవేవీ జాక్సన్ పొలాక్ దగ్గర సరిగ్గా పనిచేయవు. 'వన్: నంబర్ 31, 1950' సుమారు 2.7 మీటర్ల ఎత్తు, 5.3 మీటర్ల వెడల్పు. కాన్వాస్‌ను నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు చిలకరించాడు. మడవడానికి మధ్య లేదు, కప్పడానికి విడి ఆకారం లేదు. అక్కడ ఇలా చేయండి: రెండు చేతులతో చిన్న కిటికీ చేసి, దాంట్లోంచి ఒక మూల చూడండి, తర్వాత నడుమ, తర్వాత ఇంకో మూల. చిక్కదనం ఎక్కడైనా తగ్గిందా? అంచుల దగ్గర గీతలు ఆగుతున్నాయా, దాటిపోతున్నాయా? ఇక్కడ సమతూకం ఎడమ కుడిల మధ్య కాదు, దట్టానికీ పలచనికీ మధ్య.

ఏగ్నెస్ మార్టిన్ దీనికి సరిగ్గా ఎదురు కొస. 183 సెంటీమీటర్ల చదరపు కాన్వాస్, మీద పెన్సిలుతో గళ్లు. కాన్వాస్ చతురస్రం, కానీ గళ్లు చతురస్రాలు కావు, దీర్ఘచతురస్రాలు. చతురస్రం గట్టిదనాన్ని ఆ గళ్లు మెత్తబరుస్తాయని ఆమె ఉద్దేశం. దగ్గరికి వెళ్తే పెన్సిలు గీత కాన్వాస్ నేత మీద వణికిన చోట్లు కూడా కనిపిస్తాయి.

7. ఆఖరున తిప్పి చూడండి

స్క్రీన్ మీద చూస్తుంటే ఇది మర్చిపోవద్దు. బొమ్మను ముందు అద్దంలోలా ఎడమ కుడి మార్చండి, తర్వాత తలకిందులు చేయండి. ఏ వైపు బరువెక్కిందో, ఏది జారిందో చూడండి. మార్చినా ఏ తేడా తెలియకపోతే అదీ ఒక సమాచారమే.

ఈ పని ఒకరికి జీవితాన్నే మార్చింది. వాసిలీ కాండిన్‌స్కీ ఒక సాయంత్రం తన స్టూడియోలోకి వచ్చి, గోడకి ఆనించి ఉన్న చాలా అందమైన బొమ్మను చూసి ఆశ్చర్యపోయాడట. అందులో వస్తువులేవీ కనిపించలేదు, రంగులూ ఆకారాలే ఉన్నాయి. తీరా చూస్తే తనదే, పక్కకి తిప్పి పెట్టి ఉంది. బొమ్మకి వస్తువులు అవసరం లేదేమో అని ఆ రోజే అనిపించిందని 1913లో తనే రాసుకున్నాడు.

రెండో కథ మోండ్రియాన్‌ది. 1941లో అతను రంగు టేపులు అంటించి 'న్యూయార్క్ సిటీ 1' అనే పని చేశాడు, పూర్తి చేయలేదు. 1945లో మొదటిసారి ప్రదర్శనకు పెట్టినప్పటి నుంచీ టేపు గీతలు ఒత్తుగా ఉన్న వైపు కిందికి వచ్చేలానే తగిలిస్తున్నారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలో అది 1980 నుంచి ఉంది. అది తలకిందులుగా ఉండి ఉండవచ్చని అక్కడి క్యురేటర్ 2022లో చెప్పారు. మోండ్రియాన్ స్టూడియోలో 1944లో తీసిన ఫోటోలో అది ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మీద ఇంకోలా ఉంది. ఇదే పేరుతో రంగుల్లో వేసిన జోడీ బొమ్మలో కూడా ఒత్తు గీతలు పైనే ఉంటాయి. ఇప్పుడు తిప్పితే పాత టేపు ఊడిపోతుందన్న భయంతో దాన్ని అలాగే ఉంచేశారు.

ఆ బొమ్మను ఫోన్‌లో తెరవండి. ఒత్తు గీతలు కింద ఉన్నప్పుడు నేల కనిపిస్తుంది, అవి ఊళ్లో మేడల పునాదుల్లా ఉంటాయి. ఇప్పుడు ఫోన్ తలకిందులు చేయండి. గీతలు పైకి వెళ్లి ఆకాశం ముసురుపట్టినట్టవుతుంది, కింద తెలుపు విప్పారుతుంది. రెండుసార్లూ నిమిషం చొప్పున చూసి, ఏది సరైనదో కార్డు చూడకుండా మీరే చెప్పండి.